రంగు వెలిసిన టార్పాలిన్ పట్టా: పారేయాలా, బాగు చేసుకోవాలా?

వరి కోతలు మొదలైతే కోత మిషను, ట్రాక్టరు ఎంత అవసరమో వడ్ల కుప్ప మీద కప్పే పట్టా కూడా అంతే అవసరం. పెన్‌పహాడ్ మండలంలో యాసంగి వరి కోతలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో జరుగుతాయి. ఈదురుగాలులతో అకాల వర్షాలు పడేది కూడా ఆ రోజుల్లోనే. వానాకాలం పంట చేతికి వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే మన దగ్గర రెండు మూడు రోజులు ముసురు పడుతుంది. రెండు సీజన్లలోనూ కల్లంలో, కొనుగోలు కేంద్రంలో వడ్లను కాపాడేది ఆ పట్టా ఒక్కటే.

ఎకరాకు 25 క్వింటాళ్ల దిగుబడి వచ్చిందనుకుందాం. 2025-26 సంవత్సరానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,389 రూపాయలు, సాధారణ రకానికి 2,369 రూపాయలు. ఆ లెక్కన ఏ గ్రేడు వడ్లయితే ఎకరం పంట విలువ 59,725 రూపాయలు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదు. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. పట్టా కారి కుప్ప ఒక్క రాత్రి తడిస్తే ఈ రెండు హద్దులూ దాటిపోవచ్చు. అప్పుడు మళ్లీ ఆరబోత, మళ్లీ కూలి, మళ్లీ ఎదురుచూపు తప్పవు.

రెండు మూడు సీజన్లు వాడిన పట్టా రంగు వెలిసిపోగానే కొందరు రైతులు అది పనికిరాదని పక్కన పడేస్తున్నారు. మరికొందరు పైకి రంగు బాగానే ఉందని కారే పట్టానే నమ్ముకుంటున్నారు. రెండింటిలోనూ నష్టం రైతుదే. పట్టా పనికొస్తుందా లేదా అన్నది రంగు చూసి చెప్పలేం, నీళ్లు పోసి చూడాలి. ఆ పరీక్ష కోతలకు నెల ముందే చేసుకోవాలి. మబ్బు పట్టిన రోజు చేస్తే ఫలితం ఉండదు.

మన దగ్గర వాడే పట్టాలు

మన ప్రాంతంలో పట్టా, తాటిపత్రి అనీ, కోస్తా జిల్లాల్లో బరకం, పరదా అనీ పిలిచే ఈ కవర్లు ముఖ్యంగా మూడు రకాలు. శుభ్రం చేసే పద్ధతి, అతుకు వేసే పద్ధతి రకాన్ని బట్టి మారతాయి. కాబట్టి మీ దగ్గర ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోవాలి.

1. నేసిన ప్లాస్టిక్ పట్టా: సన్నని ప్లాస్టిక్ పట్టీలను బట్టలాగా నేసి, రెండు వైపులా పల్చని ప్లాస్టిక్ పొర అతికిస్తారు. దీన్ని హెచ్‌డీపీఈ టార్పాలిన్ అంటారు. దగ్గర నుంచి చూస్తే అడ్డం, నిలువు నేత కనిపిస్తుంది. రైతుల దగ్గర ఎక్కువగా ఉన్నది ఇదే. వ్యవసాయ శాఖ పథకాల్లో రాయితీపై ఇచ్చిన 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 250 జీఎస్ఎం పట్టాలు ఈ రకానివే.

2. నేత లేని పొరల పట్టా: ప్లాస్టిక్ పొరలను ఒకదానిపై ఒకటి ఏటవాలుగా అతికించి చేస్తారు. నేత కనిపించదు, నునుపుగా ఉంటుంది. దీన్ని చాలామంది సిల్పాలిన్ అని పిలుస్తారు.

3. కాన్వాస్ పట్టా: మందపాటి నూలు బట్టకు నీరు దిగకుండా మైనం లాంటి పూత పూసి చేస్తారు. బరువు ఎక్కువ. లారీల మీద, పాత గోదాముల్లో కనిపిస్తుంది. ఇప్పుడు లారీల మీద పీవీసీ పూత వేసిన పట్టాలు కూడా వాడుతున్నారు.

రంగు ఎందుకు వెలుస్తుంది?

ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందుగా రంగును, తర్వాత ప్లాస్టిక్‌ను దెబ్బతీస్తాయి. తయారీలో ఈ కిరణాలను తట్టుకునే రసాయనాలు కలుపుతారు. అవి ఉన్నంతకాలం రంగు తగ్గినా బలం తగ్గదు. అవి అయిపోయాక ప్లాస్టిక్‌లోని పొడవైన అణుగొలుసులు తెగుతూ పోతాయి. అప్పుడు పట్టా పెళుసుబారుతుంది, మడత దగ్గర పగులుతుంది, చేతితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటుంది.

అంటే రంగు వెలవడం ఒక సూచన మాత్రమే. పొడి రాలడం, మడత పగలడం, పైపొర పొలుసులుగా లేవడం అసలు జబ్బు. ఇంకో ముఖ్య విషయం: వెలిసిన ప్లాస్టిక్ రంగును తిరిగి తెచ్చే మార్గం లేదు. నూనె రాసినా, పాలిష్ పూసినా కొన్నాళ్లు మెరుపు వస్తుంది కానీ బలం రాదు. కాబట్టి పాత పట్టాను బాగు చేయడం అంటే మురికి తీయడం, కారే చోట్లు మూయడం, మిగిలిన బలాన్ని కాపాడుకోవడం.

పట్టాకు నాలుగు పరీక్షలు

యాసంగికి మార్చిలో, వానాకాలం పంటకు సెప్టెంబరులో ఈ పరీక్షలు చేసుకోవాలి. ఒక పట్టాకు గంటన్నర చాలు.

1. వేలి పరీక్ష: పొడి పట్టాను బొటనవేలితో గట్టిగా నాలుగైదు చోట్ల రుద్దాలి. దుమ్ము అంటితే తుడిచి మళ్లీ రుద్దాలి. రెండోసారి కూడా పట్టా రంగులోనే పొడి అంటితే పైపొర అరిగిపోతోందని అర్థం.

2. మడత పరీక్ష: ఎండ ఎక్కువగా తగిలిన చోట గట్టిగా మడిచి, గోటితో నొక్కి విప్పాలి. తెల్లటి గీత మాత్రమే పడితే ఫర్వాలేదు. గీత వెంట పగుళ్లు వస్తే ఆ భాగం బలం పోయినట్టే.

3. చింపే పరీక్ష: ఇప్పటికే ఉన్న చిరుగు దగ్గర రెండు చేతులతో లాగి చూడాలి. మంచి పట్టా సాగుతుంది, ఎదురు తిరుగుతుంది. ప్రాణం పోయిన పట్టా కాగితంలా చిరుగుతూ పోతుంది.

4. నీటి పరీక్ష: నాలుగు మూలలు నాలుగు గుంజలకు కట్టి, మధ్యలో కొంచెం వంగేలా ఉంచి రెండు బకెట్ల నీళ్లు పోయాలి. గంట తర్వాత కింద పొడి గుడ్డతో తుడిచి చూడాలి. చుక్కలు పడే చోటును మార్కరుతో గుండ్రంగా గుర్తు పెట్టాలి. కింద నిలబడి ఎండకేసి చూస్తే సూదిమొన అంత రంధ్రాలు కూడా చుక్కల్లా మెరుస్తాయి. వాటినీ గుర్తించాలి.

నీటి పరీక్షలో నాలుగైదు చోట్ల మాత్రమే కారితే అతుకులు వేసుకోవచ్చు. పట్టా అంతా చెమర్చినట్టు తడి దిగుతుంటే పైపొర పోయిందని అర్థం. అలాంటి పట్టా వడ్ల మీద కప్పడానికి పనికిరాదు.

కడిగే పద్ధతి

మురికి పట్టా త్వరగా పాడవుతుంది. మడతల్లో ఇరుక్కున్న గింజల కోసం ఎలుకలు కొరుకుతాయి. పోయిన సీజను పురుగు కొత్త వడ్లకు పాకుతుంది. మట్టి, ఇసుక రేణువులు మడతల్లో రాసుకుని రంధ్రాలు పడతాయి.

ముందుగా పొడిగా దులపాలి. ఇద్దరు రెండు వైపులా పట్టుకుని గింజలు, తాలు, నూగు రాలేలా దులిపి, చీపురుతో ఊడవాలి. నల్లమట్టి అంటుకుని ఉంటే గోకకూడదు. నీళ్లు చల్లి అరగంట నాననిస్తే దానంతట అదే వదులుతుంది.

తర్వాత సిమెంటు గచ్చు మీద లేదా గడ్డి పరచిన నేల మీద పట్టాను విప్పి పరవాలి. కంకర మీద, మొరం మీద పరచి రుద్దితే కింది వైపు రంధ్రాలు పడతాయి. 10 లీటర్ల నీటికి 50 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మెత్తని బ్రష్షుతో లేదా మెత్తని చీపురుతో రుద్దాలి. నీళ్లు చల్లగా ఉన్నా, గోరువెచ్చగా ఉన్నా సరే. మరిగే నీళ్లు వద్దు. ఒక వైపు పూర్తయ్యాక తిప్పి రెండో వైపు కూడా కడగాలి. సబ్బు జిడ్డు మిగలకుండా రెండుసార్లు మంచి నీటితో కడగాలి.

ఆరబెట్టేటప్పుడు తుమ్మకంప మీద, ముళ్లకంచె మీద వేయకూడదు. గోడ మీద గానీ లావు వెదురు బొంగు మీద గానీ నీడలో వేసి, రెండు వైపులా ఆరనివ్వాలి. అంచు మడతలో, తాడు ఉన్న చోట తడి ఎక్కువసేపు నిలుస్తుంది. అక్కడ చేత్తో తడిమి చూసిన తర్వాతే చుట్టాలి.

పాకుడు, మొండి మరకలు

తడిగా మడిచిపెట్టిన పట్టాలకు పచ్చని పాకుడు, నల్లని బూజు మచ్చలు పడతాయి. ప్లాస్టిక్ పట్టాలకైతే 10 లీటర్ల నీటికి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైన తేరిన నీటిని మచ్చల మీద పోసి పది నిమిషాలు ఉంచి, మెత్తగా రుద్ది బాగా కడగాలి. చేతికి తొడుగులు వేసుకోవాలి, గాలి వచ్చే చోట చేయాలి. బ్లీచింగ్ పౌడర్‌ను మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో గానీ, వెనిగర్‌తో గానీ కలపకూడదు. కలిపితే ప్రాణాలకు ముప్పు తెచ్చే క్లోరిన్ వాయువు వస్తుంది. కడిగిన నీటిని చేపల చెరువులోకి, బావిలోకి, పశువులు తాగే తొట్టిలోకి పోనివ్వకూడదు.

తారు గానీ గ్రీజు గానీ అంటితే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొద్దు చెక్కతో గీకి తీయాలి. మిగిలిన మరక మీద కొంచెం వంటనూనె రాసి ఐదు నిమిషాల తర్వాత గుడ్డతో తుడిచి, వెంటనే సబ్బునీటితో కడగాలి. మరక పూర్తిగా పోకపోయినా నష్టం లేదు. జిడ్డు, వాసన మాత్రం మిగలకూడదు.

ఇవి చేయవద్దు

- కిరోసిన్, పెట్రోలు, డీజిల్‌తో తుడవకూడదు. ప్లాస్టిక్ ఉబ్బుతుంది, వాసన వడ్లకు పడుతుంది.
- ఇనుప బ్రష్షు, కొబ్బరి పీచు, ఇసుకతో రుద్దకూడదు. గీసుకుపోయిన చోట నుంచే నీరు దిగడం మొదలవుతుంది.
- వాటర్ సర్వీసింగ్ పైపును దగ్గరగా పెట్టి కొట్టకూడదు. పైపొర లేస్తుంది.
- కారుతోందని తారు, ఎనామెల్ పెయింటు పూయకూడదు. కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడి వడ్లలో కలుస్తుంది.
- పురుగుమందులు కలిపిన, విత్తనశుద్ధి చేసిన, ఎరువు బస్తాల కింద వేసిన పట్టాను ఎంత కడిగినా వడ్లకు వాడకూడదు. అలాంటి పట్టా మూలలో ఎర్ర రంగుతో పెద్ద అడ్డగీత వేసి వేరుగా పెట్టాలి. ఇంట్లో అందరికీ ఆ గుర్తు చెప్పాలి.

చిరుగులు, రంధ్రాలు మూసే పద్ధతి

పట్టా తయారయ్యే ప్లాస్టిక్‌కు మామూలు జిగురు పట్టదు. సైకిల్ ట్యూబు సొల్యూషన్, ఫెవికాల్ వంటివి రాస్తే ఆరాక పెచ్చులా ఊడి వస్తాయి. కాబట్టి రెండే దారులు: అతికే టేపు వాడడం లేదా వేడితో అతికించడం.

చిన్న రంధ్రాలకు టార్పాలిన్ టేపు సరిపోతుంది. రంధ్రం చుట్టూ సబ్బునీటితో కడిగి, ఆరిన తర్వాత స్పిరిట్‌తో తుడవాలి. స్పిరిట్‌కు మంట దగ్గర ఉండకూడదు. టేపును రంధ్రం చుట్టూ కనీసం 5 సెంటీమీటర్లు దాటేలా కత్తిరించి, మూలలను గుండ్రంగా చేయాలి. చదరంగా వదిలేస్తే మూల దగ్గరే ఊడడం మొదలవుతుంది. పైన, కింద రెండు వైపులా అతికించి, సీసాతో ఒత్తి రుద్దాలి. ఒక రోజు గడిచాక మళ్లీ నీళ్లు పోసి చూడాలి.

పెద్ద చిరుగులకు అదే రకం పాత పట్టా నుంచి ముక్క కత్తిరించి వేడితో అతికించాలి. నేసిన పట్టాకు ఇస్త్రీపెట్టె వాడవచ్చు. పై పొర ప్లాస్టిక్ సుమారు 105 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర, లోపలి నేత సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతాయి. పైపొర మెత్తబడాలి, నేత కరగకూడదు. అందుకని ఇస్త్రీపెట్టెను తక్కువ వేడి మీద ఉంచి, పట్టాకు పెట్టెకు మధ్య బేకింగ్ పేపరు గానీ కాగితం గానీ పెట్టి, కొన్ని క్షణాలు ఒత్తి తీయాలి. మొదట పనికిరాని ముక్క మీద ప్రయత్నించి వేడి సరిచూసుకోవాలి. చల్లారే వరకు బరువు పెట్టి ఉంచాలి. నేత ముడుచుకుపోతే వేడి ఎక్కువైందని అర్థం.

సిల్పాలిన్ రకం పట్టాలకు ఇస్త్రీపెట్టె వాడకూడదు. వేడికి అవి కుంచించుకుపోతాయి. వాటికి టేపే మేలు. పీవీసీ పూత ఉన్న లారీ పట్టాలను వేడిగాలి మిషనుతో అతికించే పనివాళ్ల దగ్గర చేయించుకోవడం మంచిది.

కుట్టు వేస్తే సూది వేసిన ప్రతి రంధ్రం నుంచీ నీరు దిగుతుంది. కుట్టక తప్పకపోతే కుట్టు మీద రెండు వైపులా టేపు వేయాలి.

తాడు కట్టే కన్నాలు ఊడిపోతే

చాలా పట్టాలు ముందుగా పాడయ్యేది అంచున, తాడు కట్టే ఐలెట్ దగ్గర. గాలికి పట్టా కొట్టుకున్నప్పుడు బరువంతా అక్కడే పడుతుంది. ఐలెట్ ఊడిన చోట అంచును రెండు మడతలు మడిచి, లోపల తాడు పెట్టి, కొత్త అల్యూమినియం ఐలెట్ వేయించుకోవచ్చు.

కల్లంలో అప్పటికప్పుడు చేయాల్సి వస్తే గులకరాయి ఉపాయం ఉంది. అంచు నుంచి జానెడు లోపల పట్టా కింద నిమ్మకాయంత నునుపైన గులకరాయి పెట్టి, పై నుంచి పట్టాతో సహా రాయి మెడకు తాడు బిగించి కట్టాలి. కొత్త రంధ్రం చేయనక్కరలేదు, తాడు జారదు. పదునైన కంకర రాయి పెడితే పట్టా తెగుతుంది.

కాన్వాస్ పట్టా ఉంటే

కాన్వాస్‌కు పద్ధతి వేరు. సబ్బు పొడి దాని మీది మైనం పూతను తీసేస్తుంది. చల్లని నీటితో, మెత్తని బ్రష్షుతో మాత్రమే కడగాలి. మరీ మురికి ఉంటే ఒంటికి రాసుకునే సబ్బు కొద్దిగా వాడి బాగా కడగాలి. బ్లీచింగ్ పౌడర్ నూలును బలహీనపరుస్తుంది కాబట్టి వాడకూడదు. పూర్తిగా ఆరిన తర్వాత నీళ్లు చల్లి చూడాలి. నీరు బిందువులుగా జారితే పూత బాగున్నట్టే. బట్టలోకి ఇంకితే కాన్వాస్‌కు వాడే వాటర్‌ప్రూఫ్ పూతను మళ్లీ వేయించాలి. ప్లాస్టిక్ పట్టాలా కాకుండా, కాన్వాస్‌కు పూత వేస్తే నీరు ఆపే గుణం తిరిగి వస్తుంది. తడిగా మడిచి పెడితే మాత్రం బూజు పట్టి నూలే కుళ్లిపోతుంది.

ఏ పట్టా ఏ పనికి?

పరీక్షలు అయ్యాక పట్టాలను నాలుగు వరుసలుగా విడదీయాలి.

- మొదటి వరుస: నీటి పరీక్షలో ఒక్క చుక్క కూడా కారనివి. ఇవి కుప్ప మీద కప్పడానికి, ట్రాలీలో వడ్లు మిర్యాలగూడ మిల్లులకు, సూర్యాపేట మార్కెట్‌కు పోయేటప్పుడు పైన కప్పడానికి మాత్రమే. వీటిని ఆరబోతకు వాడి ఎండలో అరగదీయకూడదు.
- రెండో వరుస: రంగు వెలిసినా పొడి రాలనివి, అతుకులు వేసినవి. ఇవి కింద పరచి వడ్లు ఆరబోయడానికి. సూదిమొన రంధ్రాలు మాత్రమే ఉంటే అత్యవసరంలో రెండు పట్టాలు ఒకదానిపై ఒకటి వేసి కప్పవచ్చు.
- మూడో వరుస: అంతా చెమర్చేవి. వరిగడ్డి వాము మీద, కట్టెల మీద, పశువుల కొట్టం పక్కన గాలి అడ్డుకోవడానికి.
- నాలుగో వరుస: పొడి రాలేవి, కాగితంలా చిరిగేవి. వీటిని ఎక్కడా వాడకూడదు. ముక్కలు వడ్లలో, పొలంలో, పశువుల మేతలో కలుస్తాయి. తగలబెట్టకుండా పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇవ్వాలి.

ఎకరానికి ఎన్ని పట్టాలు కావాలి? 25 క్వింటాళ్ల వడ్లు సుమారు నాలుగుంపావు ఘనపు మీటర్ల చోటు తీసుకుంటాయి. 5 సెంటీమీటర్ల మందంలో ఆరబోస్తే దాదాపు 86 చదరపు మీటర్లు కావాలి. 8 మీటర్లు, 6 మీటర్ల పట్టా ఒకటి 48 చదరపు మీటర్లు. అంటే ఎకరం పంటకు కింద రెండు, పైన కప్పడానికి మంచిది ఒకటి. మూడూ కొత్తవి కానక్కరలేదు, పైది మాత్రం కారకూడదు.

కప్పడంలో జాగ్రత్తలు

మంచి పట్టా ఉన్నా కప్పడం సరిగా లేకపోతే వడ్లు తడుస్తాయి. కుప్పను ఎత్తుగా ఉన్న చోట, పైన దూలంలా వంపు వచ్చేలా పోయాలి. పైభాగం చదునుగా ఉంటే నీరు నిలుస్తుంది. ఒక చదరపు మీటరు గుంటలో 10 సెంటీమీటర్ల లోతు నీరు నిలిస్తే దాని బరువు 100 కిలోలు. పాత పట్టా తెగేది అక్కడే. కుప్ప చుట్టూ జానెడు లోతు కాలువ తీసి నీరు బయటికి పోయే దారి చేయాలి.

పై పట్టా అంచు కింది పట్టా అంచును దాటి బయటికి రావాలి. కింది పట్టా అంచు బయటికి ఉంటే వాన నీటిని అదే కుప్ప కిందికి తీసుకెళ్తుంది. చాలా చోట్ల వడ్లు అడుగున తడవడానికి కారణం ఇదే. రెండు పట్టాలు కలిపి కప్పాల్సి వస్తే గాలి వచ్చే వైపు ఉన్న పట్టా పైన ఉండేలా మూరెడు పొడవు ఒకదానిపై ఒకటి వేయాలి. బరువుకు పదునైన రాళ్లు కాకుండా ఇసుక నింపిన సంచులు పెట్టాలి.

కోత మిషను నుంచి వచ్చిన పచ్చి వడ్లను పట్టా కింద పగలంతా మూసి ఉంచకూడదు. గింజ ఊపిరి తీసుకుంటుంది, వేడి పుడుతుంది, పట్టా లోపల చెమ్మ పట్టి కిందికి కారుతుంది. రైతులు పట్టా కారిందనుకునేది చాలాసార్లు ఈ చెమ్మే. వాన లేని ప్రతి పొద్దునా పట్టా తీసి, వడ్లను తిరగేసి, లోపలి వైపు తుడిచి ఆరనివ్వాలి.

అయినా వడ్లు తడిసి, ఎండ రాకపోతే క్వింటాలుకు ఒక కిలో మెత్తని ఉప్పు, 20 కిలోల పొడి ఊక లేదా ఎండుగడ్డి కలిపి పోగు పెడితే మొలక రాకుండా కొంత ఆపవచ్చు. ఎండ రాగానే తూర్పారబట్టి ఆరబెట్టాలి.

నిల్వ

పట్టాను ప్రతిసారీ ఒకే మడతల మీద మడిస్తే ఆ గీతల వెంటే పగులుతుంది. వెదురు బొంగుకు గానీ పాత పీవీసీ పైపుకు గానీ చాపలా చుట్టాలి. చుట్టిన పట్టాను ఎండ తగలని చోట, నేలకు తాకకుండా రెండు తీగల మీద వేలాడదీస్తే ఎలుకలకు అందదు. ఎరువులు, పురుగుమందులు ఉన్న గదిలో పెట్టకూడదు. అంచు మీద మార్కరుతో కొన్న నెల, సంవత్సరం, జీఎస్ఎం, ఏ వరుసదో రాసి పెట్టుకోవాలి. మబ్బు పట్టిన రాత్రి ఏది తీయాలో ఇంట్లో ఎవరికైనా తెలుస్తుంది.

కొత్తది కొనేటప్పుడు

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు పట్టా బరువు ఎన్ని గ్రాములో చెప్పే లెక్క. దీన్ని దుకాణంలోనే సరిచూసుకోవచ్చు. 8 మీటర్లు, 6 మీటర్ల పట్టా 48 చదరపు మీటర్లు. 250 జీఎస్ఎం అయితే 12 కిలోలు తూగాలి. కాటా మీద 9 కిలోలే వస్తే అది 190 జీఎస్ఎం కూడా లేదు. కొలతలు కూడా టేపుతో చూసుకోవాలి. మైక్రాన్లు, జీఎస్ఎం ఒకటి కాదు. మైక్రాన్లలో చెప్పినా తూకం వేసే తీసుకోవాలి.

నేసిన ప్లాస్టిక్ పట్టాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 7903. ఐఎస్ఐ గుర్తు, ఈ సంఖ్య ఉన్నవి ఎంచుకుని బిల్లు తీసుకోవాలి. ఒక మంచి పట్టా ధర సాధారణంగా రెండు క్వింటాళ్ల వడ్ల ధరకు మించదు. అది కాపాడేది పాతిక క్వింటాళ్లను.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

రంగు వెలిసిన పట్టాకు మళ్లీ రంగు వేయించవచ్చా? ప్లాస్టిక్ పట్టాకు వద్దు. రంగు నిలవదు, ఊడి వడ్లలో కలుస్తుంది. రంగు లేకపోయినా నీరు ఆపితే చాలు.

నలుపు పట్టా మంచిదా, తెలుపు మంచిదా? నలుపులో వాడే కార్బన్ ఎండ కిరణాలను బాగా అడ్డుకుంటుంది. కానీ త్వరగా వేడెక్కుతుంది. మే నెల ఎండలో నల్ల పట్టా మీద పల్చగా పోసిన వడ్లు ఎక్కువ వేడికి గురై మిల్లులో నూక పెరుగుతుంది. నలుపు మీద ఆరబోస్తే గంటకోసారి కాళ్లతోనో పారతోనో తిప్పుతూ ఉండాలి. విత్తనానికి ఉంచుకునే వడ్లను నల్ల పట్టా మీద ఎండలో ఆరబోయకపోవడమే మంచిది.

కొనుగోలు కేంద్రంలో పట్టాలు ఇస్తారు కదా, సొంతది ఎందుకు? ఐకేపీ, సొసైటీ కేంద్రాల్లో ఉండే పట్టాలు వచ్చిన కుప్పలన్నిటికీ ఒకేసారి చాలకపోవచ్చు. వాన వచ్చేటప్పుడు అందరికీ ఒక్కసారే కావాలి. పైన కప్పే మంచి పట్టా ఒకటి ప్రతి రైతు తన వెంట తెచ్చుకోవడం మేలు.

పట్టా ఎన్నేళ్లు వస్తుంది? సంవత్సరాలతో కాదు, ఎండలో గడిపిన రోజులతో లెక్కించాలి. వాడని రోజుల్లో నీడలో చుట్టి పెట్టిన పట్టా, ఏడాదంతా గడ్డివాము మీద వదిలేసిన పట్టా కంటే ఎన్నో రెట్లు ఎక్కువకాలం వస్తుంది.

సందేహాలుంటే మీ క్లస్టర్ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారిని గానీ, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరులో గానీ సంప్రదించవచ్చు. పొలంలో వరి పొట్ట దశకు రాగానే ఇంట్లో ఉన్న పట్టాలన్నీ బయటికి తీసి, రెండు బకెట్ల నీళ్లు పోసి చూసుకోండి. కారేది అప్పుడే తెలిస్తే అతుకు వేయడానికైనా, కొత్తది కొనడానికైనా సమయం ఉంటుంది.